మాయమ్మ నేర్చుకున్న తెలుగు

కోయిలకుంట్లకు కోడలిగా వచ్చిన మన్‌మాయది నేపాల్. కువైట్‌లో ఒక ముసలావిడను చూసుకునే పనిలో ఉండగా, అదే ఇంట్లో డ్రైవరుగా ఉన్న ఉమామహేశ్వర పరిచయమయ్యాడు. ఆ ముసలావిడ పోయాక ఇద్దరూ పెళ్లి చేసుకుని అతని ఊరికి వచ్చేశారు. అతను ఆటో కొనుక్కున్నాడు. మన్‌మాయకు మాత్రం ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. ఖాట్మండులో వృద్ధుల సేవకు శిక్షణ తీసుకున్న మనిషి. కువైట్‌లో పనిమనిషి అనిపించుకుంది గానీ, ఇక్కడ మాత్రం ఉద్యోగి అనిపించుకోవాలని పట్టుదల.

ఆమె పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. మాయమ్మ అయిపోయింది.

మొగుడు ఆమెతో హిందీలోనే మాట్లాడేవాడు కాబట్టి తెలుగంతా అత్త సుంకమ్మ దగ్గరే నేర్చుకుంది. సుంకమ్మ పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉంటుంది. బర్రెతో, కోళ్లతో, మంచం మీది మొగుడు ఓబుళేశుతో. అందరితోనూ ఒకే భాష. మాయమ్మ ఆ మాటల్ని శ్రద్ధగా వినేది, లోలోపల వల్లె వేసుకునేది.

ఆ ఏడే బస్టాండు వెనక ఒక సంస్థ వాళ్లు ముసలివాళ్ల కోసం పగటి కేంద్రం తెరిచారు. పొద్దున ఆటోలో తీసుకొచ్చి, బీపీ చూసి, మధ్యాహ్నం అన్నం పెట్టి, సాయంత్రం ఇళ్ల దగ్గర దింపుతారు. దాన్ని చూసుకునే శశికళది కడప. మాయమ్మ ముఖం చూడగానే ఆమె ఇంటర్వ్యూ అంతా హిందీలో చేసేసింది. మాయమ్మకు బీపీ చూడటం వచ్చు, పడిపోయిన మనిషిని నొప్పి తెలియకుండా లేపడం వచ్చు.

చివర్లో శశికళ, "తెలుగు వస్తుందా?" అని అడిగింది.

"బాగా వస్తుంది" అంది మాయమ్మ ధైర్యంగా.

మొదటి రోజు ఆటో దిగుతున్న పెద్దలకు ఆమె గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించింది.

"రండప్పా సచ్చినోల్లారా, రండి. కాళ్లు కడుక్కోండి."

అందరూ ఎక్కడి వాళ్లక్కడ ఆగిపోయారు. నేత సొసైటీలో సెక్రెటరీగా చేసి రిటైరైన బసవన్న, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. సుబ్బక్క అనే ముసలావిడ నవ్వి నవ్వి, జారిపోతున్న కట్టుడుపళ్లను అరచేత్తో ఆపుకుంది.

అన్నాల దగ్గర, "కుడితి తాగినట్ల తాగొద్దు తాతా, మెల్లగా" అంది ప్రేమగా. సాయంత్రం ఆటో రాగానే బసవన్న దగ్గరికి వెళ్లి, చేయి ఆసరా ఇచ్చి అడిగింది.

"తాతా, పొయ్యేకాలమొచ్చిందా నీకు?"

బసవన్న చేయి వెనక్కి లాక్కున్నాడు. "ఇంకా రాల్యా!"

"వచ్చిండాదిలే. బయట ఆటో నిలబడుండాది. తొందరగా పో."

మరునాడు ఆయన నేరుగా శశికళ దగ్గరికి వెళ్లాడు. "మేడమ్, మేము ఈడికొచ్చేది ఇంగ నాలుగు దినాలు బతకల్లని. ఈ పాప ఆటో ఎక్కించేటప్పుడు యాడికి పంపుతాండాదో మాకు అర్థం కాల్యా. ఈమె ఉంటే నేను రాను."

శశికళ మాయమ్మను పిలిచి, ఒక్కొక్క మాటకూ అర్థం హిందీలో చెప్పింది. మాయమ్మ చెవులు ఎర్రబడ్డాయి. 'పొయ్యేకాలం' అంటే ఇంటికి పోయే సమయం అనుకుందామె. 'సచ్చినోడు' అంటే ఇంటి పెద్ద అనుకుంది.

ఇంటికి రాగానే అత్తను నిలదీసింది. "నాకు తిట్లు నేర్పినావా అత్తా?"

"నేనెప్పుడు తిట్టినానే?" సుంకమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మామను రోజూ సచ్చినోడా అంటాండావు కదా!"

"అది తిట్టా? మొగుణ్ణి పేరు పెట్టి పిలుచ్చారా యాడన్నా?"

మంచం మీంచి ఓబుళేశు గొంతు వినిపించింది. "నా పేరేందో నాకే మర్సిపోయిండాది పాపా."

ఆ రోజు నుంచి మాయమ్మ టీవీలో వార్తలు చదివేవాళ్ల ముందు కూర్చుని తెలుగు దిద్దుకుంది. కేంద్రంలో ఆమె మాట మారిపోయింది. "దయచేసి భోజనం స్వీకరించండి. మీ ఆరోగ్య పరిస్థితి ఎలా ఉంది?" శశికళ సంతోషించింది. పెద్దలకే ఊపిరాడలేదు. ఆమె వస్తుంటే కాళ్లు దగ్గరికి లాక్కుని సర్దుకుని కూర్చునేవాళ్లు. సుబ్బక్క ఒకసారి ఆమె నుదుటి మీద చేయి పెట్టి చూసింది. "జరమైతే ల్యా. మరి ఏమొచ్చిందే నీకు?"

బసవన్న కొన్నాళ్లు వచ్చాడు, తర్వాత మానేశాడు. తన మీద కోపంతోనే రావడం లేదని మాయమ్మకు దిగులు పట్టుకుంది. ఒక మధ్యాహ్నం బీపీ మిషను తీసుకుని ఆయన ఇంటికి వెళ్లింది.

"జరమొచ్చి తగ్గిపోయిండాది. అయినా మా మామ అన్నం తినడంల్యా" అంది ఆయన కోడలు ప్రణీత. "ఏమడిగినా వద్దంటాడు. అడిగి అడిగి నాకే ఏడుపొచ్చాండాది."

బసవన్న గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మాయమ్మ కంచంలో చారన్నం కలుపుకొచ్చింది. "దయచేసి కొంచెం ఆహారం స్వీకరించండి."

"వద్దు."

"మీ ఆరోగ్యం దృష్ట్యా..."

"వద్దంటి కదా."

ఎంత బతిమాలినా ఆయన ఇటు తిరగలేదు. మాయమ్మకు టీవీ తెలుగు అయిపోయింది. కోపం వచ్చేసరికి అడుగునున్న అత్త తెలుగు పైకి తేలింది. ఈసారి ప్రతి మాటకూ అర్థం తెలిసే అంది.

"లెయ్యి ముసలోడా! నీ మొగం మండ, ఎండలో ఆటో కూడా దొరక్క నడిసొచ్చినా ఈడికి. తింటావా, నీ నెత్తిన కుమ్మరించేదా? నీ కోడలు ఏడుచ్చాంటే కండ్లు కనపడ్డంల్యా? పొయ్యేకాలమొచ్చిందా నీకు?"

ప్రణీత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బసవన్న మెల్లగా ఇటు తిరిగాడు.

"ఇదేమప్పా, ఇది వచ్చా నీకు? మర్సిపోయినావనుకున్యా." లేచి కూర్చున్నాడు. "మా ఇంటామె పోయినాంక నన్ను ఎవురూ ఇట్ల తిట్టల్యా. అందరూ తాతా, మామా అని మర్యాద చేసేవాల్లే. మంచంలో పెట్టి దండేసినట్ల ఉండాది నాకు."

మాయమ్మ కండ్లు తుడుచుకుని కంచం ముందుకు జరిపింది. ఆయన ముద్ద పెట్టుకుంటూ సెక్రెటరీ గొంతుతో చెప్పాడు.

"అయితే తెలిసి తిట్టల్ల. సచ్చినోడా అనేది ఇంట్లోవాల్లకే. ముసలోడా అనేది అందరికీ సరిపోతాది. పొయ్యేకాలం మాత్రం ఆటో దగ్గర అనొద్దు. శానా భయమైతాది."

మరుసటి వారం ఆయన ఆటోలో వచ్చాడు. సాయంత్రాలు ఆమెకు తెలుగు పాఠాలు మొదలయ్యాయి. ఏ మాట ఎవరిని అనొచ్చు, ఏ మాట ఎవరి ముందు మింగేయాలి అని. సుబ్బక్క పక్కన కూర్చుని, ఆయనకు తెలియనివి అందించేది.

కొన్ని నెలలకు శశికళకు కడపకు బదిలీ అయ్యింది. ఆమె జాగాలో ఎవరిని పెట్టాలో చూడటానికి కర్నూలు నుంచి ఒక అధికారి వచ్చాడు. మాయమ్మను చూపించి పెద్దలందరినీ అడిగాడు.

"ఈమె మీతో మర్యాదగా మాట్లాడుతుందా?"

"మర్యాదా?" అంది సుబ్బక్క. "ఆ రోగం యాపొద్దో తగ్గిపోయిండాది సామీ. ఇప్పుడు బాగుండాది."

అధికారి కలం ఆపి శశికళ వైపు చూశాడు. శశికళ గోడ వైపు చూసింది. బసవన్న లేచాడు.

"సార్, మీరు ఇంకెవుర్నన్నా తీసుకొచ్చి మర్యాద చేయిచ్చే, మేమంతా ఇండ్లల్లోనే పండుకుంటాం. ఈ పాపను పెడితే వచ్చాం."

మాయమ్మే ఇన్‌చార్జి అయ్యింది. కుర్చీలో మొదటిసారి కూర్చున్న మధ్యాహ్నం నేపాల్‌లోని తల్లికి ఫోన్ చేసింది. పెద్ద ఉద్యోగం వచ్చిందని చెప్పింది. అవతల తల్లి ఏదో అడిగేలోపు తలుపు దగ్గర సుబ్బక్క కేకేసింది.

"ఏమ్మే, ఆ పోను నీ చెవులో పుట్టిందా? బువ్వ పెడతావా, మమ్మల్ని సంపుతావా?"

"ఎవరే అది, అంతలా అరుస్తున్నారు?" అని తల్లి కంగారుపడింది.

"మావాళ్లేనమ్మా" అంది మాయమ్మ నేపాలీలో. "నన్ను భోజనానికి పిలుస్తున్నారు."