పిల్లి గీరిందట

"ఈసారి ఎక్కడ గీరిందమ్మా మీ పిల్లి?" అని డ్యూటీకి రాగానే నవ్వుతూ అడిగేవాళ్ళు తోటి నర్సులు. ఆస్పత్రిలో రోజంతా పరాయివాళ్ళ పుండ్లు కడిగి కట్లు కట్టే మనిషి, తన ఒంటిమీద దెబ్బలకి మాత్రం పిల్లిని సాక్ష్యం తెచ్చుకునేది.

మొదటిసారి అడిగినప్పుడు నోటికొచ్చింది అనేసింది. పెరట్లో ఆకుకూర మడి ఉంది, పక్కింటి పిల్లులు వచ్చి తవ్వేస్తాయి, తరమబోతే మీదపడ్డాయి అని. పిల్లులు తవ్వే మాట నిజమే. ఇక అక్కణ్ణించి పెదవి చిట్లితే పిల్లి, చెవి వెనక చీరుకుపోతే పిల్లి. వేలు విరిగిన రోజున, పిల్లి వెంట పరిగెత్తి జారిపడిందట. ఒకసారి మొగుడు భుజం కొరికితే, పంటిగాట్లు చూసి పెద్ద సిస్టర్ హడలిపోయి, వద్దన్నా వినకుండా వరసగా కుక్కకాటు సూదులన్నీ పొడిపించింది. కరిచినవాడేమో ఇంట్లో కాలుమీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. "వాడి కోపం తాటాకు మంటే, ఇట్టే ఆరిపోతుంది" అనేది అత్తగారు. ఆరేది మంటేగానీ కాలిన చర్మం కాదని ఆ మహాతల్లికి ఎవరు చెప్పాలి?

మూడేళ్ళు చూసి చూసి, ఒక ఆదివారం పెద్ద సిస్టర్ మరో ఇద్దర్ని వెంటేసుకుని ఇనప వలతో ఇంటికొచ్చింది. మొగుడు ఎంత మర్యాదస్తుడనుకున్నారు! కుర్చీలు వేశాడు, నిచ్చెన పట్టుకున్నాడు, "ఎన్నిసార్లు చెప్పినా వినదండీ, పిల్లులంటే జాలి దీనికి" అని నవ్వాడు. మడి చుట్టూ, పైనా వల బిగిసింది. గోడమీద కూర్చున్న పిల్లి కాసేపు చూసి, దిగి వెళ్ళిపోయింది. గేటు వైపు మిగిలిన సందుకి ఆఖరి ముడి ఆమే వేసింది. ఇక దెబ్బ తగిలితే ఏం చెప్పాలి?

రెండు వారాలు పిల్లి జాడ లేదు. కూర ఏపుగా పెరిగింది. వల కట్టినవాళ్ళకి తలా ఓ కట్ట ఇద్దామని ఆమె తెల్లారే కోసింది. "ఎవర్నడిగి కోశావే?" అంటూ మొగుడు వెనకనించి జుట్టు పట్టుకుని, పెరట్లో కుళాయికేసి నుదురు కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. కోసిన ఆకులమీద నెత్తురు బొటబొటా రాలింది. అత్తగారు గుమ్మంలోనే నిలబడి, ముందు ఆ గచ్చు కడగమంది. ఆమె కడిగింది. నుదుటికి గుడ్డ అదిమి పెట్టుకుని డ్యూటీకి వెళ్ళింది.

పెద్ద సిస్టర్ గుడ్డ తీసి, ఐదు కుట్లు వేస్తూ అంది, "వల గట్టిగానే కట్టాంగా. ఎటునుంచి దూరిందే?"

గేటు దగ్గర సందుంది అనబోయింది. అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ ఆ సందు కూడా మిగలకుండా ఆఖరి ముడి వేసింది తన చేతులే. ఆ మూగజీవాలు మూడేళ్ళు మోసిన నింద తలుచుకుంటే సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది.

"దూరలేదక్కా. అది ఇంట్లోదే. రోజూ అన్నం పెట్టేది నేనే."

పెద్ద సిస్టర్ చేతిలో సూది ఆగింది. చివరి కుట్టు వేసి, గాయాల కాగితం ముందుకు లాక్కుంది. గాయానికి కారణం అన్నచోట ఆమె కలం ఆగిపోయింది.

"ఇటివ్వక్కా, నేను రాస్తాను" అంది.

ఇన్నాళ్ళూ పిల్లి అని రాయించిన చోట, మొగుడి పేరు ఇంటిపేరుతో సహా రాసింది.