ఇస్త్రీ మేస్త్రి లెక్క

మా పరిశోధనశాల పెద్దాయనకు నేను పెట్టిన పేరు ఇస్త్రీ మేస్త్రి. పేరుకు శాస్త్రవేత్త, చేసేది ముడత కనబడితే చదును చెయ్యడం.

అయస్కాంతాల మధ్య బంధించిన ప్లాస్మా, అంటే సూర్యుడి నడిబొడ్డు కన్నా వేడెక్కిన వాయువు, అంచుల్లో ఎలా సుళ్లు తిరుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం మా పని. ఆ అంచు దాటి జారిన వేడి యంత్రం గోడ మీద చారలా పడుతుంది. చార మరీ సన్నగా ఉంటే గోడ పలకలు కరిగిపోతాయి. ఆ పలకలు చేయించేది మా అక్క, అదే భవనంలో, రెండంతస్తుల కింద.

సుళ్లు మరీ చిన్నవైతే లెక్క మధ్యలోనే కూలిపోతుంది. బుద్ధున్నవాడెవడైనా లెక్క కోసం ప్లాస్మాను విడగొట్టుకున్న గడులు ఇంకా చిన్నవి చేసుకుని మళ్లీ మొదలెడతాడు. మా మేస్త్రి మాత్రం లెక్కలో సుళ్లను చదును చేసే ఒక సంఖ్యను పెంచేవాడు. లెక్క బతికేది, సుళ్లు చచ్చేవి, చార వెడల్పయ్యేది. పాత యంత్రంలో కొలిచిన వెడల్పు వచ్చేదాకా ఆ సంఖ్యను పెంచి, "చూశారా, ప్రకృతి మన మాట వింటోంది!" అనేవాడు. నేతిబీరకాయలో నెయ్యెంతో ఆయన లెక్కలో ప్రకృతి అంత.

అదే సంఖ్యతో ఇప్పుడు కడుతున్న కొత్త యంత్రానికి ఐదు మిల్లీమీటర్ల చార అని తేల్చాడు. నేను గడులు చిన్నవి చేసి, ఆ సంఖ్య తీసేసి, ఆరు వారాలు నడిపాను. ఒక్క మిల్లీమీటరే వచ్చింది.

సమావేశంలో అందరి ముందూ గ్రాఫు పెట్టాను. ఆ ముహూర్తం కోసం ఎంత ఎదురుచూశానో!

"నీ లెక్కే తప్పేమో అమ్మాయ్," అన్నాడు మేస్త్రి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"మీ సంఖ్య ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పండి సార్."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. నాకు కడుపు నిండింది.

బయట వరండాలో, గ్రాఫు చూసి ముందే లేచొచ్చిన అక్క గోడకానుకుని నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పలకలన్నీ ఐదుకే కోయించేశానే. మళ్లీ చేయించాలంటే రెండేళ్లు. నన్ను ఉంచుతారా?"

"ఆ ఇస్త్రీ మేస్త్రిని ఎలా నమ్మావక్కా?"

"ఆయన్నెవరు నమ్మారే? ఐదని రాసిన ఆ రిపోర్టు కింద నీ సంతకం ఉంది. అది చూశాక లోపల చదవలేదు."

సంతకం పెట్టిన రోజే నాకు ఆ సంఖ్య సంగతి తెలుసు. మేస్త్రిని చూసి లోలోపల నవ్వుకుంటూనే పెట్టాను.