వాన కోసం అమ్మిన తలుపు

నేను ఒక వీధి తలుపును. బర్మా టేకును. ఓడలో విశాఖపట్నం రేవుకు దిగిన దుంగల్లోంచి నన్ను చెక్కినవాడు భీమిలి వడ్రంగి. ఇల్లు కట్టిస్తున్న జనపనార వ్యాపారి నా మీద రెండు సింహాలు ఉండాలన్నాడు. వడ్రంగి సింహాన్ని ఎన్నడూ చూడలేదు. తన పెంపుడు పిల్లిని చూసి చెక్కి, మెడ చుట్టూ జూలు తగిలించాడు. వ్యాపారి కూడా సింహాన్ని చూసినవాడు కాడు కనుక ఇద్దరూ సంతోషించారు.

జపాను బాంబులు పడ్డ ఏడాది ఊరు ఖాళీ అయింది. వ్యాపారి కుటుంబం నాకు తాళం వేసి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. తరవాత ఆ ఇల్లు కొన్న రేవు గుమాస్తా మనవరాలే రత్నం. ఆసుపత్రిలో నర్సు. రెండు చేతుల్లోనూ సంచులతో డ్యూటీ నుంచి వచ్చి నన్ను భుజంతో తోసుకుని లోపలికి పోయేది. ఇంటిలో సగం వాటా తమ్ముడు గోవిందుది. అతను గాజువాకలో ఉంటాడు.

పాతపట్నంలో ఆ వీధంతా మాలాంటి ఇళ్ళే ఉండేవి. ఒకటొకటే పడిపోయి అపార్టుమెంట్లు లేచాయి. మేం కొద్దిమందిమి మిగిలాక మా మీద జనానికి ప్రేమ పుట్టింది. చలికాలం ఆదివారాల్లో శశిభూషణ్ గారనే ప్రొఫెసరు పాతిక మందిని వెంటబెట్టుకొచ్చి మమ్మల్ని చూపించేవాడు. నా పిల్లుల్ని చూపించి, చైనా శిల్పరీతి అని చెప్పేవాడు. అందరూ రాసుకునేవారు. రత్నం వాళ్ళకి మంచినీళ్ళిచ్చేది.

హుద్‌హుద్ తుఫానుకు కప్పు సగం ఎగిరిపోయింది. టార్పాలిన్ కట్టినా వాసాలు నానాయి, మేడగది గోడ ఉబ్బింది. గోవిందు బిల్డరుని తీసుకొచ్చాడు.

"అక్కా, ఇచ్చీద్దాం. చెరో ఫ్లాటు వస్తాది. ఈ చెమ్మలో ఎన్నాళ్ళుంటావు?" అన్నాడు. అతను చెడ్డవాడు కాడు. అక్క దగ్గు విని అన్నమాట అది.

రత్నం ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నిజంగానే కదిలిపోయి సభ పెట్టించాడు. నా ఫొటో పెద్దది చేయించి వేదిక వెనక కట్టారు. ఇల్లు నగరానికి గర్వకారణమని అందరూ మాట్లాడి రత్నానికి శాలువా కప్పారు. ఆ వానాకాలం ఇంట్లో ఆ శాలువా కూడా తడిసింది.

అప్పుడొచ్చాడు బీచిరోడ్డు హోటలాయన. అతనికి ఇల్లు అక్కర్లేదు, నేను కావాలి. రత్నం అతని నంబరు తీసుకుని పంపేసింది. మర్నాడు నన్ను తడిగుడ్డతో తుడిచింది. జూలు సందుల్లో దుమ్ము పుల్లతో తీసింది. ఆ తరవాత హోటలాయనకి ఫోను చేసింది.

సంగతి తెలిసి ప్రొఫెసరు పరిగెత్తుకొచ్చాడు. "ఎంత పని చేశారమ్మా! ఇంటి ప్రాణమే అమ్మేశారు!"

"ఏటి చెయ్యమంటారు మాస్టారూ? మీరు ఎండలో వచ్చి చూసీసి వెళ్ళిపోతారు. నేను వానలో పడుకోవాలి."

ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు.

"తలుపు అమ్మీసి ఇల్లు ఉంచుతావా?" అని గోవిందు నవ్వాడు గాని, ఆ డబ్బుతో కప్పు మార్చడానికి పాత పెంకులు దింపే రోజున సెలవు పెట్టుకుని వచ్చాడు. నన్ను మోసుకెళ్ళే వ్యాను వీధి మలుపు తిరుగుతుంటే, కొత్త వాసాల బండి మాకు ఎదురొచ్చింది. నాకు బాధ లేదంటే అబద్ధం. అయినా ఆ బండికి దారివ్వడానికి మా డ్రైవరు వెనక్కి తీసినప్పుడు, తొందరగా తియ్యవయ్యా అనుకున్నాను.

ఇప్పుడు హోటల్లో నన్ను గోడకి బిగించారు. నా వెనక గది లేదు, సిమెంటు ఉంది. అందరూ నా ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, ఎవరూ తొయ్యరు. కౌంటరు దగ్గరి అమ్మాయి నన్ను ఏదో సంస్థానం కోట తలుపని చెబుతుంది. కోట ఎప్పుడో కూలిపోయిందని కూడా కలుపుతుంది.

మొన్న ఎవరో నర్సు రిటైరయితే ఆ విందుకి రత్నం వచ్చింది. జరీచీర కట్టుకుంది. దగ్గు లేదు. ఆ అమ్మాయి ఆమెకీ కోట కథ మొదలుపెట్టింది. రత్నం చివరిదాకా విని, నా మీద అరచెయ్యి ఆనించింది.

"కోట కాదమ్మా, మాయిల్లు. కూలిపోలేదు. ఇప్పుడు దానికి రేకు తలుపుంది. రాత్రంతా వాన పడింది కదా, చుక్క కారలేదు."