తూకం తర్వాత కొసరు

సముద్రం లేని దేశం మనిషి సముద్రాన్ని లెక్కపెట్టడానికి వస్తే నవ్వనివాళ్ళుండరు. పిచిల్కో రేవు జనం ఆ నవ్వు దాచుకోనూ లేదు.

యోవానా చోకే సొంతూరు బొలీవియాలోని ఒరూరో. చుట్టూ బోడికొండలు, ఎండుగాలి, సంతలో తల్లి బంగాళాదుంపల అంగడి. తూకంరాళ్ళతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల సముద్రజీవుల చదువు చదివి, పొరుగున ఉన్న చిలీ తీరానికి ఉద్యోగానికి వచ్చింది. ఆ రెండు దేశాల మధ్యా ఈ సముద్రం గురించి తాతల నాటి తగువు ఉంది. అందుకే ఆమె బస్సు దిగిన రోజే నొలాస్కో అడిగాడు. అతను ఆ రేవులో పేరుమోసిన డైవరు, నోరు అంతకంటే పేరుమోసింది.

"ఏం కొండపిల్లా, మా సముద్రాన్ని బకెట్టుతో కొంచెం కొంచెంగా మోసుకుపోదామని వచ్చావా?"

"మూత ఉన్న బకెట్టు దొరకలేదు బాబాయ్. దొరికుంటే ఈపాటికి సగం అయిపోయేది."

వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళంతా నవ్వారు. ఆ ఒక్క జవాబుతో రేవులో ఆమెకు బోణీ అయింది.

ఎర్సిలియా ఇంటి మేడగదిలో దిగింది. ఎర్సిలియా డైవర్ల సంఘానికి పెద్ద. మొగుడు పోయాక అతని పడవనీ, అతని కుర్చీనీ తానే తీసుకుంది. ఎవరి మాటకు ఎంత విలువ కట్టాలో ఆమెకు బాగా తెలుసు.

ఆ సంఘానికి తనదంటూ ఒక ముక్క సముద్రం ఉంది. అక్కడి రాళ్ళకు అంటుకుని లోకోలు పెరుగుతాయి. లోకో అంటే గుప్పిట నిండా వచ్చే నత్త, మాంసం మహా రుచి. ఇష్టం వచ్చినట్టు తీయడానికి మాత్రం లేదు. ఏటా తీతకు ముందు, సంఘం డబ్బు కట్టి పెట్టుకున్న సర్వే ఆఫీసు తరఫున ఎవరో ఒక పరిశోధకుడు దిగి, అడుగున అక్కడక్కడా ఇనపచట్రం పరిచి, అందులో పడ్డవాటిని లెక్కపెట్టి కొలవాలి. ఆ లెక్కను చూసి ఈ ఏడు ఎన్ని తీయవచ్చో సర్కారు చెబుతుంది. దోసెడు గింజలు చూసి బస్తాకు బేరమాడటం లాంటిదే.

ఈ ఏడు ఆ పని యోవానాది. పైన అజమాయిషీ ఎవరూ లేకుండా ఆమె చేసే మొదటి లెక్క. నీటి కింద ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. ఆకాశానికి దగ్గరగా పుట్టిన మనిషికి ఊపిరి కొదవేముంది. ఇబ్బందంతా నీటి మీదే. పడవ కదిలితే చాలు, కడుపులోది బయటికొచ్చేది.

ఒక సాయంత్రం ఎర్సిలియా, యోవానా వంటింట్లో టీ తాగుతూ, రొట్టె మీద అవకాడో రాసుకుంటూ కూర్చున్నారు. చేపలు ఇవ్వడానికి వచ్చిన నొలాస్కో గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ ఉద్యోగం ఖాయం చేసేదెప్పుడే?" అంది ఎర్సిలియా.

"ఈ లెక్క అయ్యాక అత్తా. ఇది బాగా వస్తే ఉంచుకుంటారు. లేకపోతే ఇక్కడ ఉండటానికిచ్చిన గడువు అయిపోతుంది, ఒరూరో బస్సెక్కడమే."

"వెళ్ళి ఏం చేస్తావ్?"

"దుంపలమ్ముతా. అమ్మ పక్కన గోనె పరుచుకునే చోటు ఉంది."

"బాగా రావడమంటే ఏంటి?" అన్నాడు నొలాస్కో. "లోకోలు ఎక్కువుండటమేగా?"

నోట్లో రొట్టె ఉంది. "మరి అందరికీ కావాల్సింది అదేగా బాబాయ్" అనేసింది యోవానా.

సంతలో పెరిగిన పిల్లకు తెలిసి ఉండాల్సింది, ఊరికే తలాడించినా బేరం కుదిరినట్టేనని.

చట్రాలు దించబోయే చోట్లకు ముందురోజే గుర్తుగా నీటి మీద తేలే బెండ్లు కట్టి రావడం ఆ రేవు అలవాటు. పొద్దున వెతుక్కునే పని తప్పుతుంది. యోవానా కూడా అలాగే కట్టించి, మర్నాడు నొలాస్కో పడవలో బయల్దేరింది. రెండుసార్లు వాంతి చేసుకుని, గాలిగొట్టం పళ్ళమధ్య బిగించి నీళ్ళలోకి జారింది.

మొదటి చట్రం చూసి సంబరపడింది. రెండోది చూసి ఇంకా సంబరపడింది. అంత నిండుగా ఉన్నాయి. ఆ తర్వాత కొలబద్ద పెట్టి కొలుస్తుండగా చెయ్యి నెమ్మదించింది. పెద్దది, పెద్దది, మళ్ళీ పెద్దది. ఒక్క పిల్లనత్త లేదు. లోకో రాయిని పట్టిందంటే ఇనపపట్టీతో పెకలించాలి. ఇవి వేలితో తోస్తే వచ్చేస్తున్నాయి, నిన్ననే దిగిన అద్దెవాళ్ళలాగా.

ఆమె అలాంటి రాశిని చిన్నప్పటినుంచీ చూస్తోంది. బస్సు ఆగినప్పుడు దిగే ప్రయాణికుల కోసం తల్లి అలా పేర్చేది. ఒకే సైజు, నున్నటి దుంపలు పైన. మళ్ళీ కనపడని గిరాకీకి ఏరిన రాశి. రోజూ వచ్చే ఇరుగుపొరుగుకు మాత్రం చిన్నా పెద్దా మన్నూ కలిసిన గోనె. దేవుడు పండించింది ఎప్పుడూ కలగలుపుగానే ఉంటుంది.

పైకి వచ్చి పడవ అంచు పట్టుకుంది. నొలాస్కో మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది సరుకు?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచి మళ్ళీ వాంతి చేసుకుంది.

"అంత బాగుందన్నమాట" అన్నాడు.

ఆ సాయంత్రం మేడగదిలో కూర్చుని ఆమె లాభనష్టాలు వేసుకుంది. ఈ లెక్క పంపితే ఆఫీసు మెచ్చుకుంటుంది, ఉద్యోగం నిలుస్తుంది, రేవుకు ఎక్కువ తీత వస్తుంది. అందరికీ లాభమే. అందరికీ లాభమున్న బేరంలో నష్టపోయేవాడు అక్కడ లేనివాడై ఉంటాడని తల్లి అనేది. ఇక్కడ లేనిది వచ్చే ఏడు. లేని సరుకుకు తీత ఇస్తే ఉన్న సరుకు పోతుంది, వచ్చే ఏడు రాళ్ళు మిగులుతాయి. పంపకపోతే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలి. ఉత్తరం గాలి మొదలయ్యే రోజులు, సముద్రం ఎప్పుడు దారిస్తుందో తెలియదు. లెక్క ఆలస్యమైతే గడువు ఆగదు. ఆ నష్టం ఒక్కరిదే, తనది. అయినా వచ్చే ఏడు ఈ వీధిలో తలెత్తుకుని నడవలేకపోతే ఇక్కడ ఉండి మాత్రం ఏం చేసుకుంటుంది?

ఆదివారం సంఘం భోజనం, పోయినేటి తీతలో మంచుపెట్టెలో దాచిన లోకోలతో. లోకోను కొట్టనిదే వండకూడదు, వండితే చెప్పు తోలు. పాత టైరు గొట్టంలో వేసి, రెండు కొసలూ పట్టుకుని నేలకేసి బాదుతారు. నొలాస్కో, యోవానా ఒకే గొట్టానికి చెరో కొస పట్టారు. ఎర్సిలియా పక్కన ఉల్లిపాయలు తరుగుతోంది.

"బాబాయ్, ఆ చట్రాల్లో లోకోలు ఎక్కడివి?"

"సముద్రంలోవి." గొట్టం నేలను తాకింది.

"ఏ మూలవి?"

అతను ఇంకోసారి బాదాడు. "తెల్లరాళ్ళ దగ్గరివి. మేం నలుగురం ముందురోజు మధ్యాహ్నం మోశాం. నీ లెక్క బాగుండాలని. నువ్వే కదా అన్నావ్."

"నేనన్నానా?"

"రొట్టె తింటూ." అతను గొట్టం దించాడు. "మా కోసం కాదు పిల్లా. మాకు నువ్వు ఉండాలి, అంతే. దొంగతనం కాదది, కొసరు. మీ సంతల్లో వెయ్యరా కొసరు?"

చుట్టూ బాదే చప్పుడు ఆగింది. మిగతా ముగ్గురెవరో చెప్పక్కర్లేదు, వాళ్ళే తలలు వంచుకున్నారు.

"వేస్తాం" అంది యోవానా. గొంతు పెంచలేదు. "తూచాక వేస్తాం బాబాయ్. తూకం అయ్యాక, సంచీలో. తక్కెడలో వేస్తే అది కొసరు కాదు."

ఎర్సిలియా కత్తి పక్కన పెట్టింది.

"ఆ లెక్క పంపావా?" అంది.

"లేదత్తా. మళ్ళీ పెట్టాలి. ఈసారి చోట్లు నేను పడవెక్కాకే చెబుతా."

"ఈ గాలికా? నీ గడువో?"

"గడువు గడువే."

ఎర్సిలియా నొలాస్కో వైపు చూసింది. "విన్నావా మహానుభావా? పిల్లను నిలబెడదామని బస్సెక్కిస్తున్నావ్."

"నేను బుర్రతో ఆలోచించలేదక్కా."

"అది మాకు పెళ్ళినాటినుంచీ తెలుసులే" అంది వెనకనుంచి అతని భార్య. నవ్వులు వచ్చాయి, కానీ పొట్టివి.

మోసిన లోకోలను ముందు వాటి మూలకు చేర్చారు. ఆ పైన గాలి తగ్గడానికి ఎదురుచూశారు. రేవులో ఎన్నడూ పొద్దెక్కేదాకా లేవని నొలాస్కో, చీకటి వీడకముందే వచ్చి అలలు చూసి, మేడకిటికీ వైపు తల అడ్డంగా ఊపి వెళ్ళేవాడు. ఒక పొద్దున నిలువుగా ఊపాడు. దిగారు. ఈసారి చట్రాల్లో చిన్నా పెద్దా కలిసి ఉన్నాయి, కొన్నిట్లో ఏమీ లేవు. వేలితో తోస్తే ఒక్కటీ కదల్లేదు.

లెక్క పోయినేటికంటే తక్కువ తేలింది. తీత తగ్గుతుందని ఎర్సిలియా సంఘానికి చెబితే గొణిగారు, ఒప్పుకున్నారు. లెక్క ఆఫీసుకు చేరేసరికి ఆలస్యమైంది. అనుకున్నట్టే ఫోను వచ్చింది, అదీ ఎర్సిలియాకు. పరిశోధకురాలి పని ఆలస్యమైనందుకు మన్నించమనీ, వచ్చే ఏడు అనుభవమున్న ఇంకొకరిని పంపుతామనీ నగరంలోని ఆఫీసరు చెబుతున్నాడు. యోవానా అక్కడే గిన్నెలు తుడుస్తోంది.

ఎర్సిలియా చివరిదాకా విని అంది: "చూడండి సారూ. మా సముద్రం లెక్క ఎవరి చేత పెట్టించుకోవాలో తేల్చుకునేది సంఘం. మీ దగ్గరికి వచ్చామంటే గిరాకీ మేం. ఆలస్యం మా పొరపాటు, గొడవపడాలంటే నాతో పడండి. వచ్చే ఏడూ ఈ పిల్లే దిగుతుంది. వేరేవాళ్ళను పంపితే మేం వేరే అంగడి చూసుకుంటాం." కాసేపు వింది. "ఆ, అలాగే. ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం ఆమె పేర పంపండి. ఈ వారంలోనే, ఆమె ఇక్కడ ఉండే గడువు అయిపోతోంది."

ఫోను పెట్టి, తడిచెయ్యి తుడుచుకుని, "ఆ మూకుడు సరిగ్గా తుడవలేదు, మళ్ళీ తుడువు" అంది.

యోవానా తుడిచింది. కళ్ళు తుడుచుకోవాల్సింది కూడా అదే గుడ్డతో కానిచ్చింది.

తీత మొదలైన రోజు తక్కెడ పని కూడా ఆమెకే అప్పగించారు. పడవలన్నీ తూచి, సరుకు లారీ ఎక్కాక నొలాస్కో వచ్చాడు. తన వాటాలోంచి ఒక పెద్ద లోకో తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"తూకం అయిపోయింది కదా?"

"అయింది బాబాయ్."

"అయితే ఇది కొసరు. కొట్టుకునేది మాత్రం నువ్వే. నాకు నడుం నొప్పి."