బల్ల మీద ఫిరంగి గుండు

ఆ ఆదివారం సాయంత్రం అన్సెల్మో మాట్లాడడం మొదలుపెట్టేసరికి, ఎందుకైనా మంచిదని నేను తలుపు దగ్గరి హీటర్ పక్కన కూర్చున్నాను.

అన్సెల్మో రిటైరైన పశువుల డాక్టరు. నాది మందుల షాపు. మా ఊరు తెరువేల్ కొండల్లో ఉంది. ఎనభై ఏళ్ల కిందటి అంతర్యుద్ధంలో ఒక చలికాలమంతా రెండు సైన్యాల మధ్య నలిగిపోయింది. ఆ రోజుల గురించి తెలిసినవాళ్లను అడిగి, పోగుచేసి, ఏటా ఒక సాయంత్రం ఊరి హాల్లో ప్రసంగం పెట్టడం మా ఇద్దరికీ పిచ్చి. కిందటేడు అది కుర్చీలతో కొట్టుకోవడంతో ముగిసింది.

"ఈసారి కూడా గొడవైతే నేను మానేస్తా విసీ. హాయిగా తేనెటీగలు పెంచుకుంటా. అవి కుట్టినా ఎందుకు కుట్టాయో తెలుస్తుంది," అన్నాడు అన్సెల్మో నాతో ఆ పొద్దున.

హాల్లో ఎవరూ చెప్పకుండానే జనం రెండు వైపులుగా కూర్చుంటారు. ఎడమ వైపు ముందు వరుసలో లియోన్సియో మామ, ఎనభై ఆరేళ్లవాడు. కుడి వైపు ఓరోసియా అత్త, ఆయన కంటే ఆరేళ్లు పెద్ద. ఆ చలికాలంలోనే ఆమె అన్న ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. యుద్ధం ముగిశాక, ఓడిన పక్షంవాడని లియోన్సియో తండ్రిని జైలుకు పంపిన కాగితం మీద ఓరోసియా తండ్రి సంతకం చేశాడు. ఆయన జైలు నుంచి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

అన్సెల్మో ఓరోసియా అన్న చనిపోయిన వీధి పేరు ఎత్తాడో లేదో, కుడి వైపు నుంచి ఎవరో, "ఆ గుండు ఎవరు పేల్చారో కూడా చెప్పవయ్యా!" అని అరిచారు.

"నేను చెప్తా," అంటూ లియోన్సియో మామ లేచాడు. కాళ్ల దగ్గరున్న గోనెసంచి ఎత్తుకుని ముందుకొచ్చి, అందులోంచి ఒక ఇనప వస్తువు తీసి బల్ల మీద ధబీమని పెట్టాడు. మంచినీళ్ల గ్లాసు ఎగిరి పడింది.

"ఇదిగో, ఆ రోజుల్లో పడ్డదే, మా పొలంలో దొరికింది. మీద అక్షరాలున్నాయి, చదువుకోండి. మావాళ్లు పేల్చింది కాదని తెలుస్తుంది!"

అది ఫిరంగి గుండు. మూతి దగ్గర, గుండు పేలడానికి బిగించే ఇత్తడి మర కూడా అలాగే ఉంది.

అన్సెల్మో బల్ల దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "మామా, ఇది ఎన్నాళ్లుగా మీ ఇంట్లో ఉంది?" అన్నాడు మెల్లగా.

"నాకు ఊహ తెలిసినప్పటినుంచీ. గాలికి తలుపు కొట్టుకోకుండా అమ్మ అడ్డం పెట్టేది."

"దాన్ని ఇంక ముట్టుకోకండి. అందరూ నెమ్మదిగా బయటికి నడవండి. నెమ్మదిగా!"

నెమ్మదిగా ఎవరూ నడవలేదు. నేను పోలీసు గార్డులకు ఫోన్ చేస్తూ వెనక్కి తిరిగి చూశాను. ఓరోసియా అత్త నడకబండి కుర్చీల మధ్య ఇరుక్కుంది. ఆమెకు దగ్గర్లో ఉన్నది లియోన్సియో మామ ఒక్కడే. ఒక్క క్షణం తటపటాయించి, ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి లేవదీశాడు.

"వదలరా! నేనే నడుస్తా."

"నువ్వు నడిచేసరికి తెల్లారుతుంది. పట్టుకో."

"మా ఇంటికే పంపించొచ్చుగా గుండు? ఇంత దూరం మోసుకొచ్చావెందుకు?" అంది ఆమె, అతని మెడ పట్టుకునే.

గార్డులు హాలు చుట్టూ తాడు కట్టారు. బాంబులు తీసేవాళ్లు తెరువేల్ పట్నం నుంచి రావాలి. బయట మంచు కురుస్తోంది. ఊరి చివర బేకరీ తలుపులు తెరిస్తే అందరం అందులో దూరాం. అక్కడ కుడీ లేదు, ఎడమా లేదు, పొయ్యి దగ్గర ఎక్కడ సందు దొరికితే అక్కడ నిలబడ్డాం. లియోన్సియో మామ ఓరోసియా అత్తను పిండి బస్తా మీద కూర్చోబెట్టి, తల వంచుకుని పక్కనే నిలబడ్డాడు.

"పిల్లలు కూడా వచ్చారు హాల్లోకి. నాకు బుద్ధి లేదు," అన్నాడు.

ఆమె శాలువా సర్దుకుంది. "ఎట్లా ఉంటుంది? పుట్టడమే గుండ్ల చప్పుడులో పుట్టావు."

"అది నీకెట్లా తెలుసు?"

"నా కళ్ల ముందే పుట్టావురా. మా ఇంటి కింద ద్రాక్షసారా పీపాల గదిలో. వీధి వీధంతా అక్కడే దాక్కున్నాం. మీ అమ్మకు నొప్పులొస్తే మా అమ్మే పురుడు పోసింది. నా చేతికి కొవ్వొత్తి ఇచ్చి అటు తిరగమంది. నేను తిరగలేదు. ఎర్రగా, చర్మం ఒలిచిన కుందేల్లా ఉన్నావు."

బేకరీలో అందరూ వాళ్ల వైపు తిరిగారు.

"అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు," అన్నాడు లియోన్సియో మామ.

"ఎట్లా చెప్తుంది? మా నాన్న ఆ కాగితం మీద సంతకం చేసిన రోజు మా అమ్మ ఆయనకు సూపు పొయ్యలేదు. చాలా రోజులు మాట్లాడలేదు. మీ ఇంటికొచ్చి చెప్పుకోవాలనుకుంది, మొహం చెల్లలేదు. నాకూ చెల్లలేదు."

అతను మెల్లగా వంగి బస్తా అంచున ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె జరిగి చోటిచ్చింది.

గంట తర్వాత ఒక గార్డు తలుపు తోసుకుని వచ్చాడు, టోపీ మీద మంచుతో. "భయం లేదు. బాంబులవాళ్లు వచ్చి చూశారు. లోపల పేలుడు మందు లేదు, ఎప్పుడో ఎవరో తీసేశారు. ఉత్త ఇనుము."

ఒక్కసారిగా అందరూ ఊపిరి వదిలారు. ఎవరో ఏడ్చారు, ఎవరో పగలబడి నవ్వారు.

"మరి ఎవరిది ఆ గుండు?" అని అడిగారు వెనకనుంచి.

"మీద ఉన్న అక్షరాలు తయారుచేసిన చోటే చెప్తాయి. ఈ రకం ఫిరంగులు ఇటూ వాడారు, అటూ వాడారు. దీన్నిబట్టి చెప్పలేం," అన్నాడు గార్డు.

మళ్లీ ఎవరూ అడగలేదు. బేకరీ ఆమె వేడి రొట్టెలు తీసి తుంచి, ఆలివ్ నూనె పోసి అందరికీ పంచింది. అన్సెల్మో చేతిలో రొట్టెముక్కతో నా దగ్గరికొచ్చాడు.

"ప్రసంగం సగంలో ఆగిపోయింది విసీ."

"తేనెటీగలు పెంచుకుంటానన్నావు?"

"పెంచుకుందాంలే," అని పిండి కలిపే బల్ల దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకున్నాడు. "అత్తా, ఆ పీపాల గదిలో ఎంతమంది ఉండేవాళ్లు?"

"మొదటినుంచీ చెప్పనా?" అంది ఓరోసియా అత్త.

"గట్టిగా చెప్పు, నాకు ఈ చెవి వినపడదు," అన్నాడు లియోన్సియో మామ.