రెండు కంపల మడుగు

వరద తగ్గిన ఏట్లో ఇసుక వాసన. పచ్చి వాసన. చల్లటి వాసన.

ఆ వాసనలో నిలబడి బాలనాగమ్మ చూసింది — మడుగు జరిగింది.

పెన్నేరే జరిపింది. జమ్మలమడుగు దిగువన, అవతలి గట్టు కింద, ఆమె పుట్టింటివాళ్లు తరతరాలుగా చేపలు పట్టిన మడుగు పూడిపోయింది. ఇవతలి గట్టు కింద, ఆమె అత్తింటి ముందర, కొత్త మడుగు తెరుచుకుంది.

మడుగుకు పట్టా ఉండదు. తుమ్మకంప వేసినవాడిదే మడుగు. కంప ఉంటే వల దిగదు. వేసినవాడే ఎండాకాలంలో దాన్ని తీసి వల విసరాలి. ఒకరి కంప ఇంకొకరు ముట్టుకుంటే దొంగతనం.

భర్త తిప్పన్న కంప వేశాడు.

మర్నాడు అన్న చెన్నకేశవులూ వేశాడు.

"మా తాతల నాటి మడుగు బావా. ఏరు జరిగితే హక్కు గూడా జరుగుతాదా?"

"పోయి మీ తాతను పిల్చకరాపో. నా వాకిట్లో నీళ్లల్లో నీ కంప ఏంది?"

అన్న ఆమె వైపు తిరిగాడు.

"నువ్వన్నా చెప్పు నాగమ్మా. ఎవురిదీ మడుగు?"

ఏటేటా తొలి కొరమీనును తడిగుడ్డలో చుట్టి, ఏరు దాటి తెచ్చి చేతికిచ్చే అన్న.

ఆమె అన్నను చూసింది. భర్తను చూసింది. నీళ్లను చూసింది.

వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచింది.

ఎండలు ముదిరాయి. మడుగు నడుము లోతుకు వచ్చింది... మోకాలి లోతుకు వచ్చింది...

ముందు కంప తీసినవాడు మడుగు వదులుకున్నట్టే. ముందు ఆయన తీయాలని ఈయన. ముందు ఈయన తీయాలని ఆయన.

"నీళ్లు ఉడుకుతాండాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాండాయి," అంది భర్తతో.

"శానా జాలిగా ఉంటే మీ అన్నకు చెప్పుకోపో."

వెళ్లాలనుకుంది. రేపు వెళ్దామనుకుంది. అన్న మళ్లీ అదే మాట అడిగితే...

వెళ్లలేదు.

ఒక పొద్దున గట్టు మీద గద్దలు. మడుగులో బురద. ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయిన రెండు కంపలు — ఏది ఎవరిదో తెలియదు. వాటి మధ్య తెల్లటి చేపల పొట్టలు.

ఆ ఏడు ఎవరి వలా తడవలేదు.

ఇప్పుడు ఏరంతా ఇసుకే. అటు అన్న చెలమ తవ్వి నీళ్లు తోడుతున్నాడు. ఇటు ఆమె తోడుతోంది. నడిచి వెళ్తే పాదం కూడా తడవదు.

ఆయన తల ఎత్తడు. ఆమె పిలవదు.

ఆయన ముంత ముంచినప్పుడల్లా ఆమె చెలమలో నీళ్లు సన్నగా వణికినట్టుంటుంది.

తడి ఇసుక వాసన వేస్తుంది.

ముంత పట్టుకుని, నీళ్లు తేరుకునేదాకా ఆగుతుంది...