ఆరు బారల నిశ్శబ్దం

మధ్యాహ్నం రెండింటికి బొగ్గుబాయి సైరన్ కూయగానే తునికిగూడెంలో బాలింతలు పిల్లల్ని చంకనేసుకుని అంగన్‌వాడీ దారి పడతారు. ఓపెన్‌కాస్ట్‌లో మందు పేల్చేది ఆ వేళకే. పేల్చినప్పుడు గోడలు అదురుతాయి, రేకులు గడగడమంటాయి, నిద్రపోయే పసివాళ్ళు ఉలిక్కిపడి లేచి పొద్దుగూకేదాకా ఏడుస్తారు. అంగన్‌వాడీలో మాత్రం గోడ అదురుతుందే గాని చప్పుడు రాదు. వస్తే గిస్తే నేలమీద పత్తిమూట పడ్డంత. పొదుగుతున్న కోడిని గంపతో సహా మోసుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆయా రూప్లి అందరికీ చాపలు పరిచి, కోళ్ళను గుడ్ల ట్రేల దగ్గరికి పోనివ్వకుండా కాపు కాస్తుంది. పేలుడు అయిపోయాక ఎవరి పిల్లను వాళ్ళు, ఎవరి కోడిని వాళ్ళు ఎత్తుకుని ఇంటికి పోతారు. ఎండకు నీడన చేరడంలో ఎంత వింత ఉందో ఇందులోనూ అంతే వింత.

ఆ నిశ్శబ్దం లిఖితదని ఊరి నమ్మకం. లిఖిత అంగన్‌వాడీ టీచర్ కళావతి కూతురు, ఐదున్నరేళ్ళది. తల్లీపిల్లా ఎక్కడుంటే అక్కడ చుట్టూ ఆరు బారల మేర చప్పుళ్ళకు పదును పోతుంది. బస్సు హారన్ దోమపాటంత అవుతుంది. మిక్సీలో పప్పు నలగడం కనపడుతుంది తప్ప వినపడదు. మాట్లాడాలంటే దగ్గరికి జరిగి, మొహంలో మొహం పెట్టి గొంతు పెంచాలి. నాయనమ్మ బతుకమ్మకు మనవరాలంటే సాక్షాత్తూ అమ్మవారే. తలనొప్పి వచ్చినవాళ్ళు, బీపీ పెరిగినవాళ్ళు వచ్చి పిల్ల పక్కన గంటసేపు ఒరిగి పోతుంటారు. బతుకమ్మ వాళ్ళచేత కాళ్ళు కడిగించి మరీ లోపలికి పంపుతుంది.

ఆ నిశ్శబ్దం లిఖితది కాదని తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే. కళావతి. ఎందుకంటే అది కళావతిది.

చిన్నప్పటినుంచీ కళావతికి చప్పుడంటే పుండుమీద కారం చల్లినట్టు. పెళ్ళిలో బ్యాండు మోగినప్పుడు చెవులు మూసుకుందని అత్తగారింట్లో మొదటిరోజే పొగరన్నారు. అదే పని పెళ్ళికొడుకు చేసి ఉంటే, పాపం సున్నితం అనేవాళ్ళు. ఎదుటిమనిషి కళ్ళల్లోకి చూడదని దొంగచూపన్నారు. పట్టుచీర ఒంటికి తగిలితే ఓర్చుకోలేక నూలుచీర కట్టుకుంటే పిసినారితనమన్నారు. ఆడదానికి పేర్లు పెట్టడానికి ఊరికి బియ్యం ఖర్చా, బారసాల ఖర్చా?

ఏడో నెల కడుపుతో ఉండగా ఒకరోజు అంగన్‌వాడీలో ఇరవైమంది పిల్లల మధ్య కూర్చుని ఉంది. పేలుడు అయింది. పిల్లలంతా ఒక్కసారి గొల్లుమన్నారు. కళావతి రిజిస్టర్లు పెట్టే బల్ల కింద దూరి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, ఇంక చాలు అనుకుంది. అంతే అనుకుంది, ఏ దేవుడికీ మొక్కలేదు. తలెత్తి చూస్తే పిల్లలు నోళ్ళు తెరిచి ఏడుస్తున్నారు, చప్పుడు లేదు.

కడుపులో బిడ్డ మహిమ అన్నారు ఊళ్ళో. కాన్పయ్యాక నర్సు పసిదాన్ని తూకం వేయడానికి పక్క వార్డుకు తీసుకుపోయింది. బిడ్డ అటు వెళ్ళినా నిశ్శబ్దం తల్లి మంచం దగ్గరే నిలబడి ఉంది. కళావతికి అప్పుడే అర్థమైంది. నోరు మెదపలేదు. చప్పుడు మింగే పసిపిల్ల అమ్మవారవుతుంది. చప్పుడు మింగే కోడలు ఏమవుతుందో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఆనాటినుంచి బిడ్డను ఆరు బారల అవతలికి పోనివ్వలేదు. స్నానానికి పోతే తలుపు బయటే కూర్చోబెట్టేది, మీటింగులకు చంకనేసుకుపోయేది. తల్లంటే కళావతే అన్నారు అమ్మలక్కలు. అన్నప్పుడల్లా బిడ్డను ఇంకొంచెం దగ్గరికి జరుపుకునేది.

లిఖిత మాట్లాడలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. వేలుపెట్టి ఏదీ చూపించదు. బాలామృతం పిండి ప్యాకెట్లను గోడవారన అంచుకు అంచు కలిపి పేరుస్తుంది. ఒక్కటి పక్కకు జరిగినా నేలమీద పడి దొర్లుతుంది. పెదాలు మాత్రం ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి.

"మాట్లాడుతనే ఉంటది నా తల్లి. మన పాడు చెవులకే వినరాదు," అనేది బతుకమ్మ. ఊరూ అదే అన్నది. అంత నిశ్శబ్దంలో పసిగొంతు వినపడకపోవడం సహజమే కదా అని ఎవరికి వాళ్ళు సర్దుకున్నారు.

కళావతికి సర్దుకునే వీలు లేదు. ఆమె ట్రైనింగ్ తీసుకుంది. ఏ వయసుకు ఏ మాట రావాలో, రాకపోతే ఎవరి దగ్గరికి పంపాలో కంఠతా వచ్చు. ఊళ్ళోని బొజ్జయ్య కూతురి ఎదుగుదల వెనకబడిందని మూడేళ్ళప్పుడే గుర్తుపట్టింది. దవాఖానాకు తీసుకుపోను, నలుగురిలో పరువు పోతుందని బొజ్జయ్య మొండికేస్తే అతని వాకిట్లోనే నిలబడి కడిగేసింది. నీ పరువు ముసుగు కప్పి బిడ్డను దాస్తవా అని అడిగింది. ఆ పిల్ల ఇప్పుడు తన అన్నం తను కలుపుకుని తింటోంది.

తన బిడ్డ ఎదుగుదల కార్డు నింపే దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి వేరే చెయ్యి అయిపోయింది. రెండేళ్ళ గడిలో "రెండు మాటలు కలిపి మాట్లాడుతుందా?" టిక్కు. మూడేళ్ళ గడిలో "పాట పాడుతుందా?" టిక్కు. నాలుగేళ్ళ గడిలో "చిన్న కథ చెబుతుందా?" దానికీ టిక్కు. వ్యాన్‌లో డాక్టర్లు వచ్చినప్పుడు పిల్లకంటే ముందు కార్డు చూపించేది. నిజం రాస్తే పిల్లను విడిగా గదిలోకి తీసుకుపోతారు, గుట్టు బయటపడుతుంది. ఇది తనకు తను చెప్పుకున్న కారణం. దాని అడుగున ఇంకొకటి ఉంది. ఆ నిశ్శబ్దంలో ఆమెకు హాయిగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి హాయిగా ఉంది. బిడ్డకు మాట వస్తే ఆ హాయి పోతుందేమోనని లోపల ఎక్కడో భయం. కన్నబిడ్డ మాటకూ తన సుఖానికీ పోటీ పెట్టి, సుఖం వైపు టిక్కు కొట్టింది.

జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చడానికి పోతే హెడ్‌మాస్టర్ డాక్టర్ కాగితం తెమ్మన్నాడు. భర్త గురవయ్య బాయిలో డ్యూటీకి సెలవు పెట్టాడు. ముగ్గురూ ఖమ్మం బస్సెక్కారు. దారి పొడుగునా బస్సులో పాటలు వినపడక డ్రైవర్ రెండుసార్లు స్పీకర్ మీద కొట్టి, వెనక్కి తిరిగి పిల్లను చూసి, ఓహో అని ఊరుకున్నాడు.

దవాఖానా వరండాలో వాళ్ళు కూర్చోగానే ఏడుస్తున్న పిల్లల తల్లులు ఒక్కొక్కరే వాళ్ళ పక్కకు జరిగారు. టోకెన్లు పిలిచేవాడు మైకు పక్కన పెట్టి, చేత్తో సైగ చేసి లోపలికి పంపాడు.

పిల్లల డాక్టర్ పద్మప్రియకు ముప్పై దాటి ఉండవు. కుర్చీ బల్లకు ఇటువైపు తెచ్చుకుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చుని కార్డు చదివింది. చదివేకొద్దీ ఆమె మొహంలో ఏదో మారింది.

"రెండేళ్ళకు మాటలు కలిపింది, నాలుగేళ్ళకు కథ చెప్పింది, ఇప్పుడు ఒక్క మాట లేదంటున్నారు. వచ్చిన మాట పోయిందంటే అది వేరే సంగతి గురవయ్య గారూ. లోపల ఫిట్స్ లాంటివేమన్నా ఉన్నాయేమో చూడాలి. హైదరాబాద్ రాస్తాను. తలకు వైర్లు పెట్టి ఒకటి రెండు రోజులు చూస్తారు. అవసరమనుకుంటే మందులు మొదలుపెడతారు."

గురవయ్య చేతిలో టోపీ లాంటిదేదో నలుపుతున్నట్టు ఖాళీ చేతులు నలుపుకున్నాడు.

"నాలుగేండ్లప్పుడు కత చెప్పిందంట మేడం. నేను డ్యూటీల ఉన్న, వినలే," అన్నాడు. "ఆ పోయిన మాట మళ్ళ వస్తదా?"

ఎన్నడూ లేని కథను వినలేకపోయానని ఏడాదిన్నరగా ఆ మనిషి లోలోపల కుమిలాడని కళావతికి అప్పుడే తెలిసింది. డాక్టర్ హైదరాబాద్ కాగితం మీద పేరు రాయడం మొదలుపెట్టింది.

"టిక్కులు అబద్ధం," అన్నది కళావతి. ఎవరూ తలెత్తలేదు. ఆమె మాట ఆమె నిశ్శబ్దంలోనే పడి మునిగిపోయింది. మళ్ళీ అన్నది. డాక్టర్ కలం ఆగలేదు. ఇన్నేళ్ళు సాకినది ఇప్పుడు ఆమె గొంతుమీద కూర్చుంది. కళావతి కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ బల్లమీద ఆనించి, పుట్టి ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"కార్డుల టిక్కులన్నీ నేనే పెట్టిన. అబద్ధం పెట్టిన. పిల్లకు మాట రానే లేదు. పోయిందేం లేదు."

ఆ అరుపు మామూలు మాటంత వినపడింది. అది చాలు. డాక్టర్ కలం మూసి, రాసిన కాగితాన్ని నిలువునా చింపింది. గురవయ్య భార్య వైపు చూడలేదు. గోడకున్న టీకాల బొమ్మ వైపు చూశాడు.

"మరి ఈ నిశ్శబ్దం? పాపదే కదా?" అడిగింది డాక్టర్.

"నాది."

రక్తం ఏ గ్రూపో చెబితే రాసుకున్నట్టు రాసుకుంది డాక్టర్. "అయితే మీరు బయట కూర్చోండి. పాప నాకు వినపడాలి," అన్నది.

కళావతి వరండా దాటి, ఇంజెక్షన్ల గది దగ్గర బల్లమీద కూర్చుంది. అక్కడినుంచి కిటికీలో కూతురు కనపడుతోంది. డాక్టర్ చెక్కముక్కలు ముందు పోసింది. లిఖిత వాటిని అంచుకు అంచు కలిపి పేర్చింది. పెదాలు కదులుతున్నాయి. కాసేపటికి డాక్టర్ ముందుకు వంగింది. గురవయ్య లేచి నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత గబగబా బయటికి వచ్చాడు. కళావతి పక్కన కూర్చుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"మాట్లాడుతుందే. నువ్వు మాట్లాడేటివన్నీ మాట్లాడుతుంది. గుడ్డు తిను, చెయ్యి కడుగు, అరిచేతిల పెన్నుతోని రాసుకోకు... నీ గొంతే. నీ విరుపే. బస్సు కండక్టర్ లెక్క ఊర్ల పేర్లు గూడ చదువుతుంది. అడిగినదానికి చెప్పదు గాని, విన్నదంతా లోపల్నే ఉంది."

"ఇంకా ఏమంటుంది?"

గురవయ్య ఏదో చెప్పబోయి ఆగాడు. "ఇంకేం లేదు," అన్నాడు. లేచి నిలబడ్డాక మళ్ళీ వంగాడు. "ఊరికి చెప్పకుంటే మానె. నాకు గూడ చెప్పకపోతివి." అరిచినా బాగుండేది. అరవలేదు.

చాలాసేపయ్యాక డాక్టర్ వచ్చి ఆ బల్లమీదే కూర్చుంది. లిఖితకున్నది ఆటిజం అన్నది. నేర్పే దారులున్నాయి, వారానికి మూడురోజులు సెంటర్‌కు తీసుకురావాలి, స్కూల్లో చేర్చుకోమని కాగితం ఇస్తాను అన్నది. కార్డు సంగతి మీ సూపర్‌వైజర్‌కు రాయక తప్పదని కూడా చెప్పింది. కళావతి తల ఊపింది.

"నా నిశ్శబ్దం తగిలి అయిందా మేడం గిట్ల?"

"కాదు. మీరు ఏం చేసినా, ఏం చేయకపోయినా పాప ఇలాగే పుట్టేది. మీ వల్ల వచ్చింది కాదు. మీ నుంచి వచ్చి ఉండొచ్చు, మీ ముక్కు వచ్చినట్టే." తర్వాత డాక్టర్ ఆమెనే అడగడం మొదలుపెట్టింది. చప్పుళ్ళ గురించి, గుడ్డల గురించి, కళ్ళల్లోకి చూడడం గురించి, నలుగురిలో కూర్చుని వచ్చాక ఎన్ని గంటలు పడుకోవాల్సి వస్తుందో దాని గురించి. కళావతి జవాబు చెబుతూ పోయింది. పొగరు, దొంగచూపు, పిసినారితనం ఒక్కొక్కటే ఊడి కిందపడ్డాయి. మీకున్నదీ అదే కావచ్చు, పెద్దవాళ్ళను చూసే డాక్టర్‌కు రాస్తాను, వాళ్ళూ ఇదే చెబుతారని నా నమ్మకం అంటూ పద్మప్రియ రెండో కాగితం మీద కళావతి పేరు రాసింది.

ముప్పై నాలుగేళ్ళకు తన పేరు తనకు తెలిస్తే సంతోషం రావాలి. కళావతికి రాలేదు. చప్పుడు ఒంటిమీద ఎట్లా పడుతుందో, ఒక వస్తువు పక్కకు జరిగితే గుండె ఎట్లా జారుతుందో, ఆ పిల్లను లోపలినుంచి ఎరిగిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే దాన్ని దాచింది. బొజ్జయ్యనయితే కడగడానికి తను ఉంది. తనను కడగడానికి ఎవరూ లేకపోయారు.

డాక్టర్ లేచి వెళ్ళగానే లిఖిత బయటికి వచ్చింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. గోడమీద వేళ్ళు రాస్తూ, పెదాలు కదుపుతూ తల్లి వైపే నడిచింది. కళావతి గబుక్కున లేచి వెనక్కి జరిగింది. తను దగ్గరైతే ఆ గొంతు ఆరిపోతుంది. పిల్ల ఒక అడుగు వేస్తే తను ఒక అడుగు వెనక్కి వేసింది. బిడ్డను ఆరు బారలు దాటి పోనివ్వని తల్లి, బిడ్డ ఆరు బారల్లోకి రాకుండా పరుగు తీసింది. వరండా చివర గోడ వీపుకు తగిలింది. ఇంక జరగడానికి చోటు లేదు.

లిఖిత ఆ నిశ్శబ్దంలో అడుగుపెట్టింది. వెనక వస్తున్న స్ట్రెచర్ చక్రాలు మూగబోయాయి. పసివాళ్ళ ఏడుపులు ఆగాయి. మైకు ఆగింది. ఆ పిల్ల గొంతు ఒక్కటి ఆగలేదు. నిశ్శబ్దం దానికొక్కదానికి దారి ఇచ్చి పక్కకు ఒరిగింది. సన్నగా, కొంచెం బొంగురుగా, అచ్చం కళావతి విరుపుతో వచ్చింది ఆ మాట.

"చప్పుడు చేయకు. చప్పుడు చేయకు తల్లీ."

గురవయ్య చెప్పలేక మింగింది ఇదేనని కళావతికి తెలిసింది. పిల్ల నేలమీద దొర్లి ఏడ్చిన ప్రతిసారీ, ఎవరికీ వినపడని ఏడుపుకు, ఆమె అన్న మాట అదొక్కటే.

లిఖిత వచ్చి ఎదురుగా నిలబడింది. కళావతి దగ్గరికి లాక్కోలేదు, ఇటు చూడమనలేదు. గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది.

"సరే," అన్నది. "నేను చేయను. నువ్వు చెప్పు."

లిఖిత చెప్పింది. ఊరికి తీసుకుపోయే పెనుబల్లి బస్సు వెళ్ళిపోయినా చెప్పింది. మళ్ళీ బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉంది.